కారు కింద రంగుకూ సాక్ష్యం కావాలి

అమెరికాలో పాత ఫోర్డ్ మస్టాంగ్ కార్ల పోటీలు జరిగేచోట న్యాయనిర్ణేతలు పైమెరుపు చూసి ఊరుకోరు. టార్చిలైటు పట్టుకుని వంగి, అవసరమైతే నేలమీద వెల్లకిలా పడుకుని కారు అడుగుభాగం చూస్తారు. బోల్టుల తలల మీది గుర్తులు, విడిభాగాల మీది నంబర్లతో పాటు ఫ్లోరు కింద కొట్టిన ప్రైమర్ ఏ రంగులో ఉందో కూడా మార్కుల్లోకి వస్తుంది. దారినపోయే ఏ మనిషికీ కనిపించని చోట, బురదా నూనే తప్ప మరేదీ తగలని చోట, ఇటుక రంగా బూడిద రంగా అని ఇంత పట్టింపు ఏమిటని బయటివాళ్లకు నవ్వొస్తుంది. నా దృష్టిలో ఆ పట్టింపు సబబే. తేల్చుకోవాల్సిందల్లా ఆ రంగును ఎక్కడి నుంచి తెచ్చి సరిపోలుస్తున్నామన్నదే. రంగు డబ్బా మీద ‘ఒరిజినల్’ అని ముద్రించి ఉన్నంత మాత్రాన అది ప్రతి కారుకూ ఒరిజినల్ కాబోదు. ఆ ఒక్క కారు మీద ఎక్కడో మిగిలిపోయిన పాత పూతే దానికి ప్రమాణం కావాలి. ఆ పూత బాగానే మిగిలి ఉంటే, దాన్ని గీకేసి అదే రంగు కొత్తగా వేయడం కన్నా ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడటం మేలు.

ఈ మాటకు ఆధారం మస్టాంగ్ తయారైన తీరులోనే ఉంది. 1964 ఏప్రిల్ 17న అమ్మకానికి వచ్చిన ఈ కారుకు కంపెనీ కూడా ఊహించనంత గిరాకీ వచ్చింది. 1966 మోడల్ ఒక్కటే ఆరు లక్షలు దాటింది. ఆ డిమాండు తట్టుకోవడానికి మిచిగాన్‌లోని డియర్‌బోర్న్, కాలిఫోర్నియాలోని శాన్ హోసే, న్యూజెర్సీలోని మెటచెన్ ఫ్యాక్టరీలు మూడూ పనిచేశాయి. కారు గుర్తింపు సంఖ్యలో రెండో స్థానంలో ఉండే ఎఫ్, ఆర్, టి అక్షరాలు వరసగా ఈ మూడింటినీ సూచిస్తాయి. డిజైను ఒక్కటే, విడిభాగాల జాబితా ఒక్కటే. అడుగున ప్రైమర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏ ఫ్యాక్టరీ దారి దానిదే. చాలా కార్లకు రెడ్ ఆక్సైడ్ పడింది. మన ఊళ్లలో గేట్లకూ కిటికీ గ్రిల్స్‌కూ ముందుగా కొట్టేది ఆ ఎర్రటి పూతే. అందులోని రంగు ఇనుము ఆక్సైడ్. చౌక, ఎండకు వెలవదు, ఇనుప రేకును బాగా కప్పుతుంది. అంతకన్నా చౌకైన మార్గం ఇంకొకటి ఫ్యాక్టరీ చేతిలో ఉండేది. పెయింట్ షాపులో మిగిలిపోయిన ప్రైమర్లనూ రంగులనూ ఒకచోట కలిపేసి, ఆ కలగాపులగాన్ని ఎవరికీ కనిపించని అడుగుభాగాలకు కొట్టడం. అందుకే కొన్ని కార్ల కింద ముదురు బూడిద రంగు కనిపిస్తుంది. మరికొన్నింటి కింద ఇటుక ఎరుపు నుంచి గోధుమ రంగు దాకా రకరకాల ఛాయలు కనిపిస్తాయి. ఈ వారం మిగిలిన రంగులు వేరు, వచ్చే వారం మిగిలేవి వేరు. అలాంటప్పుడు ఒకే ఫ్యాక్టరీలో ఒకే ఏడాది పుట్టిన రెండు కార్ల అడుగులు ఒకేలా ఉండాలన్న నియమం ఎక్కడి నుంచి వస్తుంది?

రంగుతో పాటు పూసిన తీరు కూడా చూడాలి. కదిలే లైను మీద స్ప్రే గన్ పట్టుకున్న కార్మికుడికి అందం పట్టదు. ఇనుము కప్పబడితే చాలు. అందుకే అసలు పూతలో పల్చటి చోట్లు, కారిన చారలు, గన్ అందని మూలల్లో రేకు బయటపడిన జాగాలు ఉంటాయి. తర్వాత బాడీకి రంగు కొట్టినప్పుడు ఆ తుంపరలు తలుపుల కింది అంచు దాటి ఫ్లోరు కిందికి కొంత దూరం చేరతాయి. అంచు దగ్గర నీలమో ఆకుపచ్చో చిక్కగా ఉండి, లోపలికి పోయేకొద్దీ పలచబడి ప్రైమర్‌లో కలిసిపోతుంది. ఆ కాలపు క్రిస్లర్ కార్ల కింద కూడా ఇలా ప్రైమర్ మీద బాడీ రంగు పొగలా చేరిన తీరు కనిపిస్తుంది. ఈ తుంపరలు ఏ పని ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో చెబుతాయి. ఆ విషయం కంపెనీ కాగితాల్లో దొరకదు. 1970ల రెండో సగం నుంచి బాడీ మొత్తాన్ని తొట్టెలో ముంచి, విద్యుత్తు సాయంతో పూత పట్టించే కొత్త పద్ధతి వ్యాపించి ఈ తేడాలను చెరిపేసింది. తుప్పు విషయంలో అది గొప్ప ముందడుగు. అందువల్లే అంతకు ముందటి కార్ల అడుగులకు చారిత్రక విలువ పెరిగింది.

ఇలాంటి చరిత్ర ఉన్నచోట ‘1967 మస్టాంగ్‌కు సరైన అడుగు రంగు ఏది’ అన్న ప్రశ్నే తప్పుదారి పట్టిస్తుంది. దానికి ఒక్క జవాబు కావాలని అందరూ కోరుకోవడం సహజం. రంగుల కంపెనీకి అమ్ముకోవడానికి ఒక డబ్బా కావాలి, గ్యారేజీకి ఒక కోడ్ కావాలి, పోటీ నిర్వాహకులకు మార్కులు వేయడానికి ఒక కొలబద్ద కావాలి. మస్టాంగ్ క్లబ్ ఆఫ్ అమెరికా 1976 నుంచీ, కార్వెట్ కార్ల పునరుద్ధరణకారుల జాతీయ సంఘం 1974 నుంచీ పనిచేస్తున్నాయి. ఇలాంటి సంఘాలు పోగుచేసిన సమాచారం లేకపోతే ఈ కార్ల గురించి ఈనాడు తెలిసిన దానిలో చాలాభాగం తెలిసేదే కాదు. ఆ మేలును తక్కువ చేయనక్కర్లేదు. అయితే ఏ కొలబద్దకైనా ఒక ప్రమాదం ఉంటుంది. ఒక పునరుద్ధరించిన కారు ఫలానా ఎరుపుతో బహుమతి గెలిస్తే, మర్నాటి నుంచి ఆ ఎరుపే ‘సరైన’ రంగవుతుంది. తర్వాతి కారు దాన్ని చూసి, ఆ పైది దీన్ని చూసి పూసుకుంటాయి. గొర్రెదాటుగా సాగే ఈ వ్యవహారంలో కొన్నాళ్లకు అసలు కార్లకు ఉన్న వైవిధ్యం మాయమై, ఫ్యాక్టరీలో ఎన్నడూ లేని క్రమశిక్షణ ఒకటి చరిత్ర పేరుతో స్థిరపడుతుంది. బూడిద రంగు అడుగుతో పుట్టిన కారును దాని యజమాని మార్కుల కోసం ఎర్రగా మార్చితే, పోటీ నియమం స్వయంగా ఒక సాక్ష్యాన్ని చెరిపినట్టే.

సాక్ష్యం ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే ఈ వాదన గాలిలో మేడ కాదని అర్థమవుతుంది. యాభై, అరవై ఏళ్లు రోడ్డెక్కిన కారు అడుగున బయటికి కనిపించే రంగును నమ్మడానికి లేదు. రాళ్లు తగిలి రేగిపోతుంది, నూనె పీల్చి నల్లబడుతుంది, సైలెన్సర్ గొట్టం పక్కన వేడికి మాడిపోతుంది. అసలు రంగు కప్పు కింద దాగిన చోట్ల ఉంటుంది. ఫ్లోరులో నీళ్లు కారడానికి వదిలిన రంధ్రాలకు రబ్బరు బిరడాలు ఉంటాయి. అలాంటి బిరడాను విరగకుండా మెల్లగా లాగితే, దాని అంచు కింద రూపాయి బిళ్ల చుట్టుకొలతంత సన్నటి వలయం బయటపడుతుంది. చుట్టూ మసి నలుపు, మధ్యలో రంధ్రం, ఆ రెంటికీ నడుమ ఫ్యాక్టరీ వదిలేసిన నాటి ఎరుపో బూడిదో తాజాగా ఉంటుంది. హ్యాండ్ బ్రేకు కేబుల్‌ను పట్టి ఉంచే క్లిప్పుల కింద, బోల్టుతో బిగించిన బ్రాకెట్ల వెనక కూడా ఇలాగే దొరుకుతుంది. మస్టాంగ్‌లో పెట్రోలు ట్యాంకు పైరేకే డిక్కీ నేలలో భాగం కాబట్టి, ట్యాంకు దించితే దాని అంచు కూర్చున్న చోటు మొత్తం ఒక నమూనా పట్టీగా పనికొస్తుంది. కొన్నప్పుడు షోరూమువాళ్లు తారులాంటి అండర్‌కోటింగ్ కొట్టించి ఉంటే విసుక్కోనక్కర్లేదు. వేడిగాలితో మెత్తబరిచి ప్లాస్టిక్ గరిటెతో ఓపిగ్గా లేపితే, ఆ తారే దాని కింది ప్రైమర్‌ను ఇన్నేళ్లూ కాపాడిందని తెలుస్తుంది.

పనిలో వరస తప్పితే ఇదంతా ఒక్క పూటలో పోతుంది. చాలా గ్యారేజీల్లో కారు విప్పగానే మొదట చేసేది శాండ్‌బ్లాస్టింగ్. ఇసుక కొట్టి ఇనుము తెల్లగా తేలాక ‘అసలు రంగు ఏమై ఉంటుంది’ అని ఆలోచించడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ముందు కడగాలి, ఫొటోలు తీయాలి, తర్వాత గీకాలి. ఒకచోట సన్నటి ఎమరీ కాగితంతో తడిగా, గుండ్రంగా రుద్దితే పొరలు వలయాలుగా తేలతాయి. బయట మట్టి, ఆ లోపల ఎప్పుడో కొట్టించిన నల్లరంగు, ఇంకా లోపల బాడీ రంగు తుంపర, ఆ కింద ప్రైమర్, మధ్యలో ఇనుము కనిపిస్తాయి. పాత భవనాల గోడల మీది రంగుల చరిత్రను చదివేవారు వాడేది కూడా ఈ పద్ధతే. తడిగా రుద్దమనడానికి మరో కారణం, ఆ కాలపు పూతల్లో సీసం, క్రోమేట్లు ఉండే అవకాశం. పొడిగా రుద్ది ఆ ధూళి పీల్చడం ఆరోగ్యంతో చెలగాటం. దొరికిన రంగును చదవడంలోనూ జాగ్రత్త అవసరం. ఇనుము ఆక్సైడ్ వెలవకపోయినా దాన్ని పట్టి ఉంచే నూనె, రెసిన్ కాలంతో పాటు పసుపుబారతాయి. వెలుతురు తగలని చోట ఈ పసుపు ఇంకా ఎక్కువ. ట్యూబులైటు కింద సరిగ్గా కలిసిన రెండు రంగులు ఎండలో విడిపోవచ్చు. అందుకని ఒక్కచోటి నమూనాతో తీర్పు చెప్పకుండా నాలుగైదు చోట్ల చూసి, పగటి వెలుగులో సరిచూసి, మెరుపు ఎంత ఉందో కూడా రాసుకోవాలి. ఫ్యాక్టరీ ప్రైమర్ మెరుపు లేకుండా ఉంటే, దాని మీద అద్దంలా మెరిసే క్లియర్ కోటు వేయడం రంగు కలిసినా అబద్ధమే అవుతుంది.

ఇక అభ్యంతరాలు. ఎవరూ చూడని చోటికి ఇంత శ్రమ దేనికన్నది మొదటిది. దీనికి జవాబుగా ఒక కారును చూడవచ్చు. 1968లో వచ్చిన ‘బుల్లిట్’ సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన ఆకుపచ్చ మస్టాంగ్ శాన్ హోసే ఫ్యాక్టరీలో తయారైంది. దశాబ్దాల పాటు ఒక కుటుంబం దగ్గర అజ్ఞాతంగా ఉండి 2018లో లోకం ముందుకొచ్చింది. 2020 జనవరిలో ఫ్లోరిడాలోని కిసిమ్మీ వేలంలో 34 లక్షల డాలర్ల పాట పలికింది, రుసుములతో కలిపి 37.4 లక్షల డాలర్లు అయింది. దానికి కొత్త రంగు వేయలేదు, సొట్టలూ తీయలేదు. ఆ ధరలో పెద్దవాటా సినిమాదీ, నటుడిదీ అన్నది నిజమే. కానీ ఇది ఆ కారే అని నిపుణులు నిర్ధారించడానికి కాగితాలతో పాటు కారు ఒంటి మీది గుర్తులు తోడ్పడ్డాయి. షూటింగ్ కోసం కెమెరాలు బిగించడానికి బాడీ కింద వెల్డు చేసిన అమరికలు వాటిలో ఒకటి. మధ్యలో ఏ యజమానో ఉత్సాహపడి అడుగంతా ఇసుకతో కొట్టించి, వెల్డింగులు నున్నగా రుద్దించి, డబ్బాలోని ‘సరైన’ ప్రైమర్ పూయించి ఉంటే ఆ సాక్ష్యం పోయేది. ఎవరూ చూడరనుకున్న చోటే ఎవరూ దిద్దకుండా వదిలేస్తారు, అందుకే అక్కడ నిజం మిగులుతుంది. పెబుల్ బీచ్ వంటి ప్రతిష్ఠాత్మక ప్రదర్శన 2001లో పునరుద్ధరించని కార్లకు ప్రత్యేక విభాగం తెరిచింది. ఈ రంగంలో ఆలోచన ఎటు మళ్లుతోందో అదే చెబుతోంది.

రెండో అభ్యంతరం తుప్పు. ఇది గట్టిది. అమెరికాలో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకు ఆ కాలపు పల్చటి ప్రైమర్ తట్టుకోలేకే లక్షల కార్లు కింది నుంచి కుళ్లిపోయాయి. విశాఖ, కాకినాడల్లో సముద్రపు గాలికి గేట్లు ఏమవుతాయో చూసేవారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. అసలు రంగు మీద మమకారంతో కారునే పోగొట్టుకోమని ఎవరూ చెప్పరు. కానీ ఇక్కడ రంగు వేరు, రక్షణ వేరు. శుభ్రం చేసిన ఇనుము మీద ఈనాటి ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, ఆ పైన దొరికిన నమూనాకు సరిపోయేలా కలిపిన పలచటి పూత, అంతే తక్కువ మెరుపుతో వేయవచ్చు. అప్పుడు లోపలి పొర ఇనుమును కాస్తుంది, పైపొర చరిత్రను చూపుతుంది. రోజూ రోడ్డెక్కే కారైతే యజమాని మందపాటి నల్ల అండర్‌కోటింగే ఎంచుకున్నా తప్పు పట్టలేం. అది వాడకానికి సంబంధించిన నిర్ణయం. దాన్ని ‘ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంది’ అని చెప్పి అమ్మనంత వరకు ఎవరికీ నష్టం లేదు.

మూడో అభ్యంతరం నైతికమైనది, నా మటుకు అన్నిటికన్నా బరువైనది. కారిన చారలను, తుంపరలను, ఫ్యాక్టరీ తనిఖీదారు సుద్దగీతలను కూడా కొత్తగా గీసి పెడితే, అది పునరుద్ధరణా, ఫోర్జరీయా? ఈ ప్రశ్నను దాటవేసే హక్కు ఎవరికీ లేదు. చారిత్రక కట్టడాల విషయంలో లోకం దీన్ని ముందే ఎదుర్కొంది. మస్టాంగ్ పుట్టిన 1964లోనే వచ్చిన వెనిస్ చార్టర్, ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలంది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2013లో ఖరారు చేసిన టూరిన్ చార్టర్ ఆ స్ఫూర్తినే వాహనాలకు వర్తింపజేసింది. చేసిన పని నమోదు చేయాలనీ, కొత్తగా అమర్చిన భాగాలను కంటికి అడ్డురాని గుర్తులతో తెలిసేలా ఉంచాలనీ చెప్పింది. అడుగు రంగుకు దీన్ని అన్వయిస్తే దారి స్పష్టమే. ఆ కారు మీదే దొరికిన తుంపరను కొలిచి, ఫొటో తీసి, అదే చోట తిరిగి వేస్తే అది పునరుద్ధరణ. వేరే కారు ఫొటో చూసి తుంపర ఊహించి వేస్తే అలంకారం. వేసిన సంగతి దాచితే మోసం. మూడింటికీ స్ప్రే గన్ ఒక్కటే, రికార్డు ఒక్కటే వీటిని విడదీస్తుంది. అందుకని అరచేయంత జాగాలోనైనా పాత పూతను ముట్టుకోకుండా వదలాలి. తర్వాత వచ్చేవారు కొత్తదాన్ని దానితో పోల్చి చూసుకుంటారు.

నాలుగోది, ఇదంతా డబ్బున్నవారి ముచ్చట అన్న విమర్శ. అడుగుభాగం మొత్తం విప్పి, పొరలు పరీక్షించి, రంగు కలిపించి వేయించడం ఖరీదైన పనే. కానీ సాక్ష్యాన్ని కాపాడటానికి ఖర్చు లేదు. రబ్బరు బిరడా లాగి, పక్కన తెల్లకాగితం పెట్టి పగటి వెలుగులో ఫోనుతో ఫొటో తీయడానికి, ఏ చోట ఏ రంగు కనిపించిందో తేదీతో ఒక నోటుబుక్కులో రాయడానికి లక్షలు అక్కర్లేదు. ఖర్చంతా చెరిపేసి మళ్లీ పూయడంలోనే ఉంది. కాపాడితే చాలనుకున్న యజమానికి చాలాసార్లు ఖర్చు తగ్గుతుంది కూడా.

ఈ చర్చ మనకు పూర్తిగా పరాయిదేమీ కాదు. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. ఫీజు రూ.20,000, గడువు 10 ఏళ్లు. వాహనం అసలు రూపంలో ఉండాలని, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు ఉండకూడదని షరతు. అసలు రూపం అంటే ఏమిటన్న ప్రశ్న దీంతో మన దగ్గరా చట్టంలోకి వచ్చింది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూసి మురిసిపోయే మనం, పాత అంబాసిడర్లను, పద్మినులను బాగుచేయించేటప్పుడు మాత్రం పైమెరుపు, కొత్త సీటు కవర్లతో తృప్తిపడుతున్నాం. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. మస్టాంగ్ రంగుల పట్టిక మన కార్లకు పనికిరాదు, పద్ధతి మాత్రం యథాతథంగా పనికొస్తుంది. ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ల అడుగున ఏ ఏడాది ఏ పూత ఉండేదో తెలుసుకోవాలంటే, మిగిలిన కార్ల మీది బిరడాల కింద చూసి రాసి పెట్టుకోవడమే మార్గం. 2014లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఇకమీదట ఇసుక కొట్టిన ప్రతి అడుగుతోనూ ఆ సమాచారం కొంత తరిగిపోతుంది.

కాబట్టి మార్పు కొలబద్దలోనే రావాలి. పోటీ నిర్వాహకులు అడుగు రంగు ఫలానా నమూనాకు కలిసిందా అని చూసి మార్కులు వేయడం మానాలి. ఆ రంగుకు ఆ కారు మీదే దొరికిన ఆధారం చూపించమని యజమానిని అడగాలి. ఆధారం చూపి బూడిద రంగు వేసినవారికి, ఆధారం లేకుండా ‘పాఠ్యపుస్తకపు’ ఎరుపు వేసినవారికన్నా ఎక్కువ మార్కులు దక్కాలి. ఆధారమేమీ మిగల్లేదని, అదే ఫ్యాక్టరీ నుంచి దాదాపు అదే నెలలో వచ్చిన కార్లను చూసి అంచనాతో వేశానని ఒప్పుకున్నవారికి మార్కులు కోయకూడదు. పాత పూతను ఉన్నచోట ఉన్నట్టు వదిలిన యజమానికి అందరికన్నా పైస్థానం ఇవ్వాలి. న్యాయనిర్ణేతలు చూసిన ప్రతి అసలు అడుగు ఫొటోలనూ సంఘాలు ఫ్యాక్టరీ, తయారీ నెల వారీగా ఒకచోట చేర్చితే, రంగుల కంపెనీ డబ్బా కన్నా నమ్మదగిన పట్టిక కొన్నేళ్లలోనే తయారవుతుంది. ఇందుకు కొత్త పరికరాలేవీ అవసరం లేదు. ఇప్పుడు మార్కుల కోసం టార్చిలైటుతో వంగే మనిషి చేతికి ఒక కెమెరా, ఒక నమోదు ఫారం ఇస్తే పని మొదలవుతుంది.